చూడగానే రిచ్‌గా ఉండాలి!

చిన్న ఊళ్ళో వ్యాపారస్తుడు వెబ్‌సైట్ చేయించుకునే రోజున ఒకటే మాట అంటాడు: "బాబూ, ఖర్చుకి వెనకాడొద్దు. చూడగానే రిచ్‌గా ఉండాలి." ఖర్చు సంగతి బేరం మొదలుకాక ముందు అన్న మాట. మొదలయ్యాక అయిదు వేల దగ్గర తెగుతుంది. సైట్ చేసే కుర్రాడు కూడా తక్కువవాడేం కాదు. "అదిరిపోద్ది సార్" అంటాడు. ఇద్దరూ రోజుల తరబడి కూర్చుని, లోగో కొంచెం పెద్దది చేసి, మళ్ళీ ఇంకొంచెం పెద్దది చేసి, మొత్తానికి సైట్ సిద్ధం చేస్తారు. అందులో లేనిదంటూ ఉండదు. ఏం అమ్ముతారు, ఎంతకి అమ్ముతారు, కొట్టు ఎక్కడ, ఎప్పుడు తీస్తారు, ఏ నంబరుకి ఫోన్ చెయ్యాలి అన్న అయిదు ముక్కలు తిన్నగా చెప్పడం తప్ప.

ఆపైన ఆవిష్కరణ. మన దగ్గర పుస్తకానికీ, క్యాలెండరుకీ, వాల్‌పోస్టరుకీ జరిగినట్టే వెబ్‌సైట్‌కీ ఆవిష్కరణ జరుగుతుంది. ఎమ్మెల్యేగారు శాలువా కప్పించుకుని, లాప్‌టాప్ మీద వేలు పెట్టి, కెమెరావైపు చూస్తారు. మర్నాడు జిల్లా పేజీలో ఫొటో పడుతుంది. ఆ సైట్‌ని నలుగురు కలిసి ఇష్టంగా చూసింది అదే మొదలు, అదే ఆఖరు.

పచ్చళ్ళ కొట్టునే తీసుకుందాం. ఎందుకంటే తెలుగువాళ్ళ చిన్న వ్యాపారాల్లో ఇంటర్నెట్ అవసరం నిజంగా ఉన్నది ఇలాంటి కొట్లకే. బందరు లడ్డూకీ, తాపేశ్వరం కాజాకీ, 2023లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న ఆత్రేయపురం పూతరేకులకీ, గోదావరి జిల్లాల ఆవకాయకీ నోరూరే మనిషి ఆ ఊళ్ళో ఉండడు. కూకట్‌పల్లిలో ఉంటాడు, బెంగళూరులో ఉంటాడు, డల్లాస్‌లో ఉంటాడు. ఊళ్ళోవాడికి కొట్టు తెలుసు, యజమాని తెలుసు, ఖాతా కూడా ఉంది. సైట్ కావలసింది దూరపు మనిషికి. ఆయన రాత్రి భోంచేస్తూ, సీసా అడుగున మిగిలిన గోంగూరని చెంచాతో గీకి, ఫోన్ తీస్తాడు. కిలో ఎంత, ఇక్కడికి పంపుతారా? ఆయనకి కావలసింది ఇంతే.

ముందు తెరమీద ఒక చక్రం తిరుగుతుంది. ఎందుకు తిరుగుతోందంటే, దాని వెనకాల పెళ్ళి వీడియోలు తీసే అబ్బాయి డ్రోన్‌తో తీసిన కొట్టు ఫొటో వస్తోంది. ఫ్లెక్సీ కొట్టించడానికి తీసిన సైజులో, పది ఎంబీల బరువుతో, ఉన్నదున్నట్టు ఎక్కించేశారు. పేజీలో ముఖ్యమైన బొమ్మో, రాతో 2.5 సెకన్లలోపు కంటికి కనపడితేనే బాగున్నట్టని గూగుల్ కొలమానం. ఇక్కడ ఆ పాటికి చక్రం వేడెక్కుతూ ఉంటుంది. చక్రం ఆగాక ఫొటో వస్తుంది. చూద్దామనుకునేలోపు అది పక్కకి జరిగిపోయి, సూట్లు వేసుకున్న ఇద్దరు తెల్లవాళ్ళు కరచాలనం చేసుకుంటూ ప్రత్యక్షమవుతారు. వాళ్ళకీ ఉసిరికాయ పచ్చడికీ ఉన్న బంధుత్వం ఏమిటో అర్థమయ్యేలోపు, చెవికి హెడ్‌సెట్ పెట్టుకున్న విదేశీ యువతి నవ్వుతుంది. ఆవిడ ఈ కొట్టులోనే కాదు, పక్క సందులో బోరుబావుల కంపెనీలోనూ, ఎదురు వీధిలో పళ్ళ డాక్టరు దగ్గరా కూడా పనిచేస్తోంది. ఫోన్ చేస్తే మాత్రం ఎత్తేది యజమానిగారి బావమరిది.

ఈ జరిగే బొమ్మల మీద మనవాళ్ళకి ఉన్న ప్రేమకి అంతులేదు. సైట్ అంటే స్లైడర్, స్లైడర్ అంటే సైట్. 2013లో అమెరికాలోని నోటర్‌డామ్ విశ్వవిద్యాలయం వెబ్ విభాగంలో ఒకాయన తమ సైట్‌లోని స్లైడర్‌ని ఎంతమంది నొక్కుతున్నారో లెక్కపెట్టాడు. సుమారు నూటికి ఒక్కరు. ఆ నొక్కిన కొద్దిమందిలోనూ చాలామంది మొదటి బొమ్మతోనే సరిపెట్టుకున్నారు. మన దగ్గర లెక్కపెట్టే బాధ లేదు కాబట్టి ఆరో బొమ్మ కూడా పెడతాం. ఆరో బొమ్మలో యజమానిగారు సన్మానం అందుకుంటూ ఉంటారు.

స్లైడర్ దాటి ఇంత కిందికి జరిగారో లేదో, నోటిఫికేషన్లు పంపమంటారా అని ఒక పెట్టె అడుగుతుంది. వద్దంటే, మీరెక్కడున్నారో చెప్పమని ఇంకో పెట్టె. అదీ వద్దంటే, తెర మొత్తం కప్పేస్తూ మూడో పెట్టె: మా న్యూస్‌లెటర్‌కి ఈమెయిల్ ఇవ్వండి. మాగాయ గురించి వారం వారం వచ్చే వార్తలేముంటాయో ఇచ్చినవాడికే తెలియాలి. ఊరింది అని ఒకసారి, ఇంకా ఊరుతోంది అని ఇంకోసారి రాస్తారు కాబోలు. ఆ పెట్టెని మూసే ఇంటూ గుర్తు ఆవగింజంత ఉంటుంది, అది కూడా వాట్సాప్ బొమ్మ కింద. కొట్టులో గుమస్తా ఇలా గుమ్మంలోనే అడ్డం నిలబడి మూడు ప్రశ్నలడిగితే సాయంత్రానికి ఉద్యోగం ఊడేది. సైట్‌లో అయితే దాన్ని ఫీచర్ అంటారు, దానికి డబ్బు విడిగా ఇస్తారు.

పెట్టెలన్నీ దాటినవాడికి చైర్మన్ సందేశం ఎదురవుతుంది. కొట్టులో మొత్తం నలుగురు: ఆయన, ఆయన భార్య, బావమరిది, కారం దంచే ఒకావిడ. అయినా ఆయన చైర్మన్ అండ్ మేనేజింగ్ డైరెక్టర్. ప్రపంచస్థాయి నాణ్యతతో వినూత్న పరిష్కారాలు అందించడమే తమ విజన్ అంటారు. పచ్చడితో పరిష్కారం అయ్యే సమస్య నాకు తెలిసి ఒక్కటే, కూర వండకపోవడం. ఆ మాట రాస్తే సరుకు అమ్ముడుపోయేది. తయారుచేసే ఆవిడ ఎవరు, ఏ ఊరి మిరపకాయ, నూనె గానుగదా ప్యాకెట్‌దా, ఎన్ని నెలలు నిలవుంటుంది, ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు ఏది? పచ్చడి కొనేవాడు అడిగే ప్రశ్నలు ఇవి. ఒక్కదానికీ జవాబు లేదు గానీ, సున్నా నుంచి గిర్రున తిరుగుతూ పెరిగే అంకె మాత్రం ఉంటుంది: సంతృప్తి చెందిన వినియోగదారులు 25,000 ప్లస్. ఆ ప్లస్ ఎవరో!

'మా గురించి' అన్న పేజీ నొక్కండి. సగం సైట్లలో అక్కడ లాటిన్ ఉంటుంది. లోరెమ్ ఇప్సమ్ అని మొదలయ్యే ఆ ముక్క క్రీస్తుపూర్వం 45లో రోమన్ వక్త సిసెరో రాసిన గ్రంథాన్ని నరికి, కలగాపులగం చేసింది. అచ్చుపనిలో ఖాళీ నింపడానికి వాడేవాళ్ళు, కుర్రాడు కొన్న టెంప్లేట్‌తో పాటు వచ్చింది, తీసేసి మనది రాయాలి. ఎవరు రాస్తారు? యజమాని కుర్రాడు రాస్తాడనుకున్నాడు, కుర్రాడు యజమాని పంపిస్తాడనుకున్నాడు. ఇద్దరి మధ్యా సిసెరో మిగిలిపోయాడు. ఆయన ఆ భాగంలో చర్చించింది సుఖం గురించీ, బాధ గురించీ. ఆ సైట్‌లో అంతవరకూ వచ్చినవాడికి రెండోది బాగానే అర్థమవుతుంది.

ఇక అసలు సంగతి, ధర. సరుకుల పేజీలో ముప్ఫై సీసాల ఫొటోలుంటాయి. ప్రతి సీసా కిందా ఒకటే రాత: ధర కోసం సంప్రదించండి. దీని మీద యజమానుల వాదన మూడు తరాలుగా చెక్కుచెదరలేదు. "పక్క కొట్టువాడు చూస్తాడండీ!" అయ్యా, పక్క కొట్టువాడు మీ ధర తెలుసుకోవడానికి వెబ్‌సైట్ చూడడు. వాళ్ళ కుర్రాణ్ణి పంపించి పావుకిలో కొనిపిస్తాడు. ధరే కాదు, రుచి కూడా తెలుసుకుంటాడు. బిల్లు దాచుకుంటాడు. మీరు ధర దాచింది అతని దగ్గర కాదు, డల్లాస్‌లో గిన్నె ముందు పెట్టుకుని కూర్చున్న పెద్దమనిషి దగ్గర. "ఫోన్ చేస్తే మాట్లాడి ఒప్పిస్తామండీ" అని ఇంకో వాదన. ఆయన ఫోన్ చేసే వేళకి ఇక్కడ తెల్లవారుజాము. ఇక్కడివాళ్ళు కూడా ఈ రోజుల్లో తెలియని నంబరుకి ఫోన్ చెయ్యడానికి ఇష్టపడరు. ధర కనపడకపోతే ఎక్కువేమో అనుకుని వెళ్ళిపోతారు. మీది తక్కువే అయినా సరే.

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళకి దీని మీద చట్టం కూడా ఉంది. వినియోగదారుల రక్షణ ఈ-కామర్స్ నిబంధనలు 2020లో వచ్చాయి. సంస్థ చట్టబద్ధమైన పేరు, చిరునామా, సంప్రదించే వివరాలు, ఫిర్యాదుల అధికారి పేరు సైట్‌లో కనపడేట్టు పెట్టాలి. అన్ని చార్జీలూ కలిపి మొత్తం ధర ఒకే అంకెగా చూపించి, దాని విడి లెక్క కూడా ఇవ్వాలి. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు తేల్చాలి. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడితో అంగీకారం పుచ్చుకోకూడదు. ఈ నిబంధనల్లో స్లైడర్ ఊసు ఎక్కడా లేదు. చైర్మన్ సందేశం తప్పనిసరి అని కూడా లేదు.

కొందరు మాత్రం ధర చూపిస్తారు, వాళ్ళతో ఇంకో తంటా. ధర పక్కన ఎర్ర గడియారం వెనక్కి నడుస్తూ ఉంటుంది. ఆఫర్ ఇంకా తొమ్మిది నిమిషాలే! మూడు సీసాలే మిగిలాయి! పేజీ మూసి మళ్ళీ తెరిస్తే మళ్ళీ తొమ్మిది నిమిషాలు, మళ్ళీ మూడే సీసాలు. ద్రౌపది అక్షయపాత్ర కూడా రోజుకొకసారి ఖాళీ అయ్యేది, ఈ మూడు సీసాలు ఏనాటికీ ఖాళీ కావు. లేని తొందర పుట్టించడం, బుట్టలోకి అడగని వస్తువు తోయడం, వద్దన్నవాణ్ణి సిగ్గుపడేట్టు చేయడం లాంటి 13 రకాల మాయోపాయాల జాబితాని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2023 నవంబరులో మార్గదర్శకాల్లో పెట్టి, కూడదంది. పెద్ద కంపెనీల దగ్గర నేర్చుకోవలసిన వేగం, తేలికదనం వదిలేసి, వాటి జిత్తులు మాత్రం మనం అయిదు వేల ప్యాకేజీలోనే దింపేసుకున్నాం.

కొంటే కొందామని తెగించినవాడికి ఫోన్ నంబరు కావాలి. నంబరు ఉంటుంది, బొమ్మలో. వేలు పెడితే డయల్ కాదు, కాపీ చేద్దామంటే కాదు. పది అంకెలూ కాగితం మీద రాసుకుని కొట్టుకోవాలి. లేదంటే ఫారం నింపాలి: పేరు, ఇంటిపేరు, ఈమెయిల్, కంపెనీ పేరు, హోదా, విషయం, సందేశం, ఆపైన ట్రాఫిక్ లైట్లున్న గళ్ళన్నీ ఏరి చూపించాలి. అరకిలో చింతకాయ పచ్చడికి కంపెనీ పేరూ, హోదా దేనికో! అన్నీ నింపి నొక్కితే అది ఒక ఈమెయిల్‌కి చేరుతుంది. ఆ ఈమెయిల్ పాస్‌వర్డ్ కుర్రాడికి తెలుసు. కుర్రాడు ఇప్పుడు పుణెలో ఉన్నాడు. మ్యాప్ చూసి నేరుగా వెళ్దామనుకునేవాళ్ళకి కూడా దారి ఉంది. టెంప్లేట్‌తో వచ్చిన మ్యాపు మార్చలేదు కాబట్టి కొట్టు న్యూయార్క్‌లో చూపిస్తుంది. ఫేస్‌బుక్ గుర్తు నొక్కితే కొట్టు పేజీకి కాకుండా ఫేస్‌బుక్ గుమ్మంలోకి తీసుకెళ్ళి వదిలేస్తుంది.

తెలుగు సంగతి ఎత్తకపోతే పాపం తగులుతుంది. తెలుగువాడు తెలుగువాడికి పచ్చడి అమ్మే సైట్ మొత్తం ఇంగ్లీషులో ఉంటుంది, అచ్చమైన సంప్రదాయం మాదే అని. ఎక్కడైనా తెలుగు పెడదామని ముచ్చటపడితే, డీటీపీ సెంటర్‌లో అను ఫాంట్లలో కొట్టించిన కరపత్రంలోంచి మేటరు తెచ్చి అతికిస్తారు. ఆ పాత ఫాంట్లలో తెలుగు అక్షరాలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో కూర్చుని ఉంటాయి. ఫాంటు లేని ఫోన్‌లో ఆ వేషం తీసేసి, పిచ్చి ఇంగ్లీషు గీతలుగా బయటపడతాయి. దానికి విరుగుడుగా కరపత్రాన్నే ఫొటో తీసి పెట్టేస్తారు. కంటికి తెలుగే, గూగుల్‌కి మాత్రం అదీ, గోడ ఫొటో, దోసకాయ ఫొటో అన్నీ ఒకటే. గోంగూర పచ్చడి అని తెలుగులో వెతికినవాడికి ఈ కొట్టు కలలో కూడా తగలదు. యూనికోడ్ 1991లో మొదటి కూర్పు వచ్చినప్పుడే అందులో తెలుగు ఉంది. గురజాడ, గిడుగు, ధూర్జటి, పెద్దన పేర్లతో తెలుగు ఫాంట్లు గూగుల్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. ఉచితం అన్న మాట వినగానే మన యజమానికి అనుమానం. రిచ్‌గా ఉండదేమోనని.

రంగుల గురించి క్లుప్తంగా చెబుతాను, ఎక్కువ చెబితే కళ్ళు మండుతాయి. ఒక తెగ మెరూన్ మీద బంగారు రంగు అక్షరాలు పెట్టి, వాటికి నీడ కూడా వేస్తుంది. ఇంకో తెగ కొంచెం చదువుకున్నది, తెల్లటి నేల మీద లేత బూడిద రంగులో సన్నటి అక్షరాలు పెడుతుంది. డిజైనరుకి పాతికేళ్ళు. కొనే ఆవిడకి అరవై, చత్వారం. అక్షరానికీ వెనక రంగుకీ తేడా కనీసం 4.5కి 1 ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం ఉంది. దాన్ని కొలిచే సాధనాలు ఉత్తినే దొరుకుతాయి. తెర పైభాగాన పరిగెత్తే అక్షరాల సంగతి సరేసరి. టీవీ వార్తల కింద చూసి చూసి, పరిగెత్తనిది వార్త కాదని మనకి స్థిరపడిపోయింది. ఆ పరుగులో కొట్టు ఫోన్ నంబరు కూడా ఉంటుంది. పట్టుకున్నవాడికి పట్టుకున్నంత.

పూర్వం బోర్డు రాసే పెయింటరు ఉండేవాడు. అక్షరాలు పెరిగితే కూలీ పెరిగేది. అందుకని కొట్టు యజమాని చచ్చినట్టు ఆలోచించి చెప్పేవాడు: పేరు, సరుకు, ప్రొప్రయిటరు, గుడి ఎదురుగా. రోడ్డు అవతల నుంచి, కదిలే బస్సులోంచి చదవగలిగేట్టు పెయింటరు రాసేవాడు, ఎందుకంటే చదవలేకపోతే కూలీ రాదు. సైట్‌లో అక్షరానికి ఖర్చు లేకపోయేసరికి మనకి విజన్ వచ్చింది, మిషన్ వచ్చింది, కోర్ వాల్యూస్ వచ్చాయి. పైన పటారం, లోన లొటారం.

ఈ దుస్థితికి కుర్రాణ్ణి ఒక్కణ్ణే తిట్టడం అన్యాయం. ఆ సైట్ నచ్చిందో లేదో చెప్పే అధికారం ఎవరికి ఇచ్చామో చూడండి. కుర్రాడి ఆఫీసులో పెద్ద మానిటరు ముందు, ఏసీలో, వేగమైన వైఫై మీద కూర్చుని యజమాని, ఆయన బావమరిది, రోటరీ క్లబ్ మిత్రుడు చూస్తారు. ముగ్గురిలో ఒక్కడు కూడా ఆ సైట్‌లో పచ్చడి కొనడు. ముగ్గురికీ ధర తెలుసు, చిరునామా తెలుసు, కాబట్టి అవి లేవని ఎవరికీ తట్టదు. కొనేవాళ్ళలో ఎక్కువమంది చేతిలో ఉండేది ఫోను, సిగ్నలు ఉండీ లేనట్టుంటుంది. గూగుల్ కూడా 2019 జులై నుంచి కొత్త సైట్లని మామూలుగా ఫోన్‌లో కనపడే రూపాన్ని బట్టే తన జాబితాకి ఎక్కిస్తోంది. మానిటర్ మీద అదిరిపోయిన సైట్ ఫోన్‌లో చెదిరిపోతే, గూగుల్ లెక్కలో అది చెదిరిపోయిన సైటే.

ఇంతలో ఊళ్ళో ఇంకొకావిడ ఉంటుంది. సైట్ లేదు, లోగో లేదు. వాట్సాప్ స్టేటస్‌లో సీసా ఫొటో, కిలో ధర, కొరియర్ చార్జీ, ఫోన్ నంబరు, ఆదివారం పంపబడదు. అంతే. ఆవిడ సరుకు అమ్ముడైపోతుంది. ఈ ముక్క చెబితే మన చైర్మన్‌గారు పెదవి విరుస్తారు. "అందులో స్టాండర్డ్ ఏముందండీ!" అంటారు.

ఆ స్టాండర్డ్ చివరికి ఏమవుతుందో కూడా చెప్పాలి. డొమైన్ పేరు కుర్రాడు తన ఈమెయిల్ మీద కొన్నాడు. మొదటి ఏడాది ఉచితం. రెండో ఏడాది గుర్తుచేసే ఈమెయిల్ అతనికే వెళ్ళింది, అతనికి పుణెలో వేరే పని ఉంది. గడువు దాటింది. ఆ పేరుని ఎవడో కొనేసుకున్నాడు. ఇప్పుడు ఎమ్మెల్యేగారు ఆవిష్కరించిన చిరునామా కొడితే ఆన్‌లైన్ రమ్మీ వస్తుంది. కొట్టు సంచుల మీద, సీసాల మీద, ఆటో వెనకాల ఆ చిరునామానే అచ్చేసి ఉంది. పండగకి వెయ్యి సంచులు కొత్తగా కూడా కొట్టించారు.

డొమైన్ ఇంకా చేయిజారని చైర్మన్‌గారూ, ఒక్క విన్నపం. మీ ఫోన్‌లో వైఫై ఆపేసి, మీ సైట్ తెరిచి, మీ అత్తగారి చేతికివ్వండి. అరకిలో మాగాయ కొనమనండి. మీరు పక్కన నిలబడండి, నోరు మాత్రం విప్పొద్దు. ఆవిడ ఎక్కడ కళ్ళజోడు సవరించుకుంటే అక్కడ రంగు మార్చండి, ఎక్కడ మిమ్మల్ని తిడితే ఆ ముక్క తీసేయండి. డొమైన్ ఎవరి పేరున ఉందో ఈ వారంలోనే కనుక్కుని మీ పేరుకి రాయించుకోండి. కుర్రాడి ఫోన్ ఇంకా మోగుతున్నప్పుడే ఆ పని అవుతుంది.